మైకు గారి ఫైటర్ చేప

పెద్దకోడలు రెండోసారి చెయ్యెత్తింది.

ఆ కుట్టు లైన్లో పద్ధతి అది. బాత్రూమ్‌కు వెళ్లాలంటే చెయ్యెత్తాలి. సూపర్‌వైజర్ చూసేదాకా ఎత్తిన చెయ్యి దించకూడదు. ఆయన చూసి గడ్డం ఎగరేస్తే లేచి నిలబడి, ఎందుకో నోరు తెరిచి, లైనంతా వినేలా చెప్పాలి. సిగ్గుపడి నసిగితే "అంత అర్జెంటు కాదన్నమాట, కూర్చో" అంటాడు. ఆడవాళ్ల సిగ్గే ఇటుకలుగా పేర్చి కట్టిన గోడ అది. సిమెంటు ఖర్చు కూడా లేదు.

చేతిలో ఎప్పుడూ మైకు ఉంటుంది కాబట్టి ఆయన్ని అందరూ మైకు అనే అంటారు, వీపు వెనక. ఆయనకూ వాళ్ల పేర్లతో పని లేదు. ఎవరు ఏది కుడితే అదే వాళ్ల పేరు. కాలర్లు, కఫ్ఫులు, జేబులు. పెద్దకోడలు చొక్కా చేతులు అతికిస్తుంది. ఆమె తోడికోడలు, ఇంట్లో చిన్నకోడలు, పక్క మిషన్ మీద కాలర్లు కుడుతుంది.

"ఏంటి?" అన్నాడు మైకు.

పెద్దకోడలు లేచింది. "బాత్రూమ్ సార్."

"పొద్దున వెళ్లొచ్చావుగా?"

"మందులేసుకుంటున్నా సార్. ఆగట్లేదు."

మైకు టేబుల్ మీది సీసాను చేతిలోకి తీసుకున్నాడు. కాఫీపొడి సీసా అది. అందులో నీలం రంగు ఫైటర్ చేప. ఒళ్లు వేలెడంత, తోక మాత్రం పట్టు ముక్కలాగా బారెడు. లైను బాగా పని చేసిందని యజమాని తన కేబిన్లో ఉన్న చేపల్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. పని చేసింది లైను, చేప వచ్చింది మైకుకి. అది వేరే సంగతి.

"అందరూ ఇటు చూడండమ్మా. కుడుతూనే చూడండి," అన్నాడు మైకులో. "చెంబెడు నీళ్లు. అంతే దీనికి. ఒక్కరోజైనా నన్ను బయటికి పంపమని అడిగిందా? ఇరుకని ఏడ్చిందా? దొరికిన చోట దొరలాగా ఉంటుంది. బతకడమంటే ఇదీ. నువ్వు కూర్చో."

"అది అందులోనే పోసేస్తుందిగా. మమ్మల్నీ అలాగే కానియ్యమంటాడేమో," అని గొణిగింది జేబులామె. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

పెద్దకోడలు కూర్చుంది. మిషన్ తొక్కింది. ఒక చెయ్యి అతికించింది, రెండోది తీసుకుంది. ఆ రెండోది సగంలో ఉండగా ఆమె పాదం పెడల్ మీద నుంచి జారింది. మిషన్ ఆగింది. చిన్నకోడలు ఓరగా చూసింది. కుర్చీ అంచు నుంచి కారుతోంది. చీర నల్లబడుతోంది. పెద్దకోడలు రెండు చేతులతో మిషన్‌ను గట్టిగా పట్టుకుని, మునిగిపోయే పడవను పట్టుకున్నట్టు కూర్చుంది.

కిసుక్కుమన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

మైకు వచ్చి చూశాడు. ముక్కున వేలేసుకున్నాడు. వెనక్కి నడిచి మైకు అందుకున్నాడు.

"కొంచెం కాళ్లు పైకి పెట్టుకోండమ్మా. లైన్లో వరదొచ్చింది. చేతులామె! కటింగ్ గుడ్డముక్కలు తెచ్చుకుని శుభ్రంగా తుడువు. కరెంటుంది అక్కడ."

పెద్దకోడలు వంగి తుడిచింది. ముక్క సరిపోకపోతే ఇంకో ముక్క తెచ్చుకుంది. చిన్నకోడలు తలెత్తలేదు. కాలరు మూల తిప్పింది, సూది దింపింది, కుట్టింది. మళ్లీ మూల తిప్పింది. ఆ రోజు ఆ కాలర్లన్నీ గీత గీసినట్టు వచ్చాయి. గంట కొట్టేదాకా పెద్దకోడలు ఆ తడిలోనే కూర్చుంది.

*

రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఆ ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు, అన్నదమ్ములిద్దరూ, రెండు కొప్పులూ ఇమిడాయి. దెబ్బలాటలు లేకపోలేదు. పొయ్యి దగ్గర గిన్నెలు గట్టిగానే మోగేవి. కానీ పొద్దున ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు, ఒకే దువ్వెన వాడేవారు, ఒకరి జడ ఒకరు వేసేవారు.

ఆ సాయంత్రం పెద్దకోడలు స్నానం చేసి గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పనికి లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు.

"ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు ఆమె భర్త, తలుపు దగ్గర నిలబడి. "ఒంట్లో బాగోక అయింది. ఎవరికైనా అవుతుంది."

"ఎవరికైనా కాదు బావగారూ," అంది చిన్నకోడలు. "మీరు గోడ దొరికిన చోటల్లా నిలబడతారు. మీకెందుకవుతుంది?"

ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు. తమ్ముడూ వెంట వెళ్లాడు. ఆ మాటలు విన్నాక మగవాళ్లకు ఇంట్లో కాలు నిలవలేదు.

చిన్నకోడలు చెంబుతో నీళ్లు తెచ్చి మంచం అంచున కూర్చుంది. "కొంచెం తాగక్కా. పొద్దున్నుంచి నోరు తడుపుకోలేదు నువ్వు."

"వద్దు."

"ఏం, ఎందుకని?"

పెద్దకోడలు గోడతోనే చెప్పింది. "తాగితే వస్తుంది."

చిన్నకోడలు వంగి ఆమె మొహం చూసింది. పెదవులు ఎండి పొక్కులు కట్టాయి. ఒళ్లు సెగలు కక్కుతోంది. మందుల షాపువాడు బిళ్లలిచ్చి, కడివెడు నీళ్లు తాగించమన్నాడు. బిళ్ల మింగడానికి గుక్కెడు తాగడమే గగనంగా ఉంది. లేచి బాత్రూమ్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా పెద్దకోడలు తన సొంతింట్లో, పడక మీద నుంచి, చెయ్యి సగం పైకెత్తి మళ్లీ దించేసుకుంటోంది. తానలా ఎత్తుతున్నట్టు ఆమెకు తెలుసో లేదో. చిన్నకోడలు చూసింది. చూశాక ఆమె కడుపులో మంట రాజుకుంది. చెంబెడు నీళ్లతో ఆరే మంట కాదది.

"వాడి సంగతి నేను చూస్తానక్కా," అంది. "వాడు ఏడవాలి. నువ్వు విని నవ్వాలి. చూస్తూ ఉండు."

పెద్దకోడలు దుప్పటి తల మీదికి లాక్కుంది.

*

పెద్దకోడలు రాని మొదటి రోజు, పొద్దుటి గంట మోగేసరికే ఆమె మిషన్ మీద కొత్తామె వచ్చి కూర్చుంది. కుర్చీ అదే. కుర్చీ మీద పెద్దకోడలు ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డ కూడా అదే. కొత్తామె దాన్ని దులిపి, మడతేసి, దాని మీదే కూర్చుని చేతులు అతికించడం మొదలెట్టింది. పొద్దు తిరిగేసరికి మైకు ఆమెను "చేతులామె" అని పిలిచాడు, ఆ పేరు ఆమెతోనే పుట్టినట్టు.

మూడో రోజు చిన్నకోడలి వైపు తిరిగాడు. "కాలర్లు! మీ అక్క రాదుగా ఇక. చేప నీళ్లు నువ్వు మార్చు. జాగ్రత్త, యజమాని గారిచ్చింది. ప్రాణం."

ప్రాణమట. చిన్నకోడలు సీసా తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది. కుళాయి పక్కనే బాత్రూమ్ తలుపు. ఈ పని ఇన్నాళ్లూ అక్కే చేసింది, నోరెత్తకుండా. సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. చేప ఇటు తిరిగి ఆమెకేసి చూసింది. దాని కళ్లు రెండు ఆవగింజలు. పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగింది, మళ్లీ దిగింది. దిగాక తిరగడానికి చోటు లేక తోకను మడుచుకుని తిరిగింది. ఇదా దొర?

సీసాను తూము మీద ఒంచితే చాలు. ఒక్క చెంబు నీళ్లు కొడితే వెళ్లిపోతుంది. కానీ అప్పుడు కాలర్లామె చంపిందంటారు. వాడి చేతులతో వాడే చంపుకోవాలి. అప్పుడుగాని మజా రాదు.

దారిలో చేపలమ్మే కొట్టుంది. సాయంత్రం ఆమె అక్కడ ఆగింది.

"ఫైటర్ చేపని చావకుండా చూసుకోవాలంటే ఏమేం చెయ్యకూడదు?" అని అడిగింది.

కొట్టువాడు పొట్టమీద చెయ్యేసుకుని పాఠం మొదలెట్టాడు. "కుళాయి నీళ్లు కుళాయి నీళ్లలాగే పొయ్యకూడదు. బకెట్లో పట్టి ఒక పూట ఉంచాలి, బ్లీచింగ్ వాసన పోవాలి. ఉన్న నీళ్లు మొత్తం పారబొయ్యకూడదు, కొంచెం తీసి కొంచెం పొయ్యాలి. మేత గుప్పెడు వెయ్యకూడదు. చల్లగాలి తగలకూడదు. ఇది చిన్న సీసాలో కూడా బతుకుతుందని మేమే చెప్పి అమ్ముతాం గానీ, బతకడం వేరు, చావకపోవడం వేరు."

"ఇంకా?"

"రెండింటిని కలిపి పెట్టకూడదు. తోడికోడళ్లని ఒకింట్లో పెట్టినట్టే. తెల్లారేసరికి ఒకటి ఉంటుంది, ఒకటి ఉండదు."

"మేం తోడికోడళ్లమే. ఇద్దరం ఉన్నాం."

కొట్టువాడు నాలిక్కరుచుకున్నాడు. తప్పు దిద్దుకోవడానికన్నట్టు చిన్న అద్దం తీసి ఒక సీసా పక్కన పెట్టాడు. లోపలి చేప ఒక్కసారిగా చెవులంత మొప్పలు విప్పింది, రెక్కలు నిక్కబొడుచుకుంది, అద్దం మీదికి దూకింది. గాజుకు కొట్టుకుంది. మళ్లీ దూకింది.

"చూశారా రోషం! తనని తానే పగవాడనుకుంటుంది. కాసేపైతే సరదా. అద్దం తియ్యకుండా వదిలేశారనుకోండి, తిండి మానేసి కొట్టుకుని కొట్టుకుని నీరసించి పోతుంది."

చిన్నకోడలు అద్దం కొనలేదు. ఆమెకు కావలసింది దొరికింది.

దారం బాబిన్లు పెట్టుకునే స్టీలు డబ్బా మూతను కటింగ్ ముక్కతో, చుక్క మిషన్ నూనెతో రుద్దింది. మొహం కనపడేదాకా రుద్దింది. మర్నాడు నీళ్లు మార్చి తెచ్చి, సీసా వెనకాల ఆ మూతను నిలబెట్టింది.

"చేప అందం రెండింతలు కనపడుతుంది సార్."

చేప రెక్కలు విప్పింది. మైకు మొహం కూడా విచ్చుకుంది. "అబ్బో! అబ్బో! ఇదేంటే ఇంత పౌరుషం! కఫ్ఫులూ, ఇటు చూడు. ప్రెస్సింగువాళ్లని పిలువు!" మధ్యాహ్నానికి టేబుల్ ల్యాంపు కూడా ఆ మూత మీదికి తిప్పాడు. వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. చేప కొట్టుకుంటోంది, మైకు చప్పట్లు కొడుతున్నాడు. చిన్నకోడలు కాలరు మూలలు తిప్పుతూ చూసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లికి తెలియనిదేంటంటే, ఎలుకతో పాటు పోయేది తన పరువే.

రోజులు గడిచిన కొద్దీ చేప నీలం మాసింది, ఎన్నోసార్లు ఉతికిన యూనిఫాంలాగా. రెక్కలు ఒంటికి అతుక్కున్నాయి. మేత తేలుతూనే ఉంటోంది. సీసా అడుగున పక్కకు ఒరిగి పడుకుని, ఊపిరాడనప్పుడు మాత్రం ఎవరో ఈడ్చినట్టు పైకి వచ్చి గాలి మింగి, రాయిలాగా దిగుతోంది. మైకు సీసా మీద గోటితో టకటకా కొట్టి "ఏయ్, లే, ఏంటీ బద్ధకం" అంటున్నాడు. చూసినప్పుడల్లా చిన్నకోడలికి గుండెల్లో చల్లగా ఉంది. అబద్ధమెందుకు? చాలా చల్లగా ఉంది.

*

ఆ చల్లదనాన్ని ఒక్కతే దాచుకోలేకపోయింది. సాయంత్రం మంచం పక్కన చతికిలబడి మొత్తం చెప్పింది. కొట్టువాడి పాఠం, డబ్బా మూత, ల్యాంపు, మైకు చప్పట్లు.

"వారంలో యజమాని వస్తాడటక్కా. వచ్చేసరికి చేప వెల్లకిలా తేలుతుంది. 'నేనిచ్చిన చేపని చంపావా' అని యజమాని వాణ్ణి అందరి ముందూ కడిగేస్తాడు. వాడి మొహం నేను నీకు చేసి చూపిస్తాగా!"

అన్నాళ్లకు మొదటిసారి పెద్దకోడలు గోడవైపు నుంచి ఇటు తిరిగింది. కళ్లు లోతుకు పోయాయి. నవ్వుతుందనుకుంది చిన్నకోడలు.

"దానికి ముందురోజే నీళ్లు పట్టి ఉంచేదాన్ని," అంది పెద్దకోడలు. గొంతు బొంగురుపోయింది. "బకెట్ వాడికి కనపడకుండా తలుపు వెనకాల పెట్టేదాన్ని. అదేం చేసిందే నిన్ను?"

"అది వాడి చేప."

"వాడి చేపట. ఆ సీసాలోకి అది నడుచుకుంటూ వెళ్లిందా?"

"నీ కోసమే కదక్కా చేస్తున్నా!"

"నా కోసమా?" పెద్దకోడలు మోచేతి మీద లేచింది. "ఆ రోజు నేను కింద కూర్చుని తుడుస్తుంటే అన్ని మిషన్లూ ఆగాయి. ఒక్కటే ఆగలేదు. నాకు పక్కదే. తుడుస్తున్నంతసేపూ నీ మిషన్ చప్పుడే విన్నాను."

చిన్నకోడలు లేచి నిలబడింది.

"నోరున్నవాడి ముందు తల దించుకున్నావు. నోరు లేనిదాన్ని పట్టుకుని పగ తీర్చుకుంటున్నావు. మంచి పగే." అని మళ్లీ గోడవైపు తిరిగింది.

వంటింట్లోకి వెళ్లి చిన్నకోడలు కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ముందు అక్క మీద కోపమొచ్చింది. ఎంత మాటంది! మిషన్ ఆపితే నన్నూ పీకేవాడు కాదా, అప్పుడు ఇల్లెలా గడిచేది? గిన్నె బోర్లించింది. తర్వాత ఆ కోపం నిలబడలేదు. నిలబడటానికి దానికి కాళ్లు లేవు. ఇంకోటి తట్టింది. చేప పోతే మైకుకేం పోతుంది? యజమాని రెండు మాటలంటాడు, దులిపేసుకుంటాడు. కొట్టుకెళ్లి ఇంకో నీలంది తెచ్చి అదే సీసాలో వేస్తాడు. అక్క పోతే కొత్తామె వచ్చినట్టు, గంట మోగేలోపల వస్తుంది అది కూడా.

ఖాళీ బకెట్ తీసి కుళాయి కింద పెట్టింది. రేపటికి డబ్బాలో నింపి పట్టుకెళ్లడానికి.

*

పొద్దున్నే మూత తీసి బాబిన్ల డబ్బా మీద మామూలుగా పెట్టేసింది. సీసాను మైకు ముక్కు కిందికి తీసుకెళ్లింది.

"చేప పోయేలా ఉంది సార్. యజమాని గారేమో వస్తున్నారు."

మైకు అప్పుడు చూశాడు. నిజంగా చూడటం అదే మొదటిసారి. "అయ్యయ్యో. ఇదేంటి? ఏం చెయ్యాలిప్పుడు?"

"గంటగంటకూ కొంచెం నీళ్లు తీసి, కొంచెం మంచినీళ్లు పొయ్యాలి సార్. పట్టి ఉంచిన నీళ్లు ఉన్నాయి, తలుపు దగ్గర పెట్టా. కానీ నేనొక్కదాన్నే తిరిగితే కాలర్లు ఆగిపోతాయి. తలా ఒకసారి వెళ్తాం."

"వెళ్లండి, వెళ్లండి. ముందు అది బతకాలి."

మొదట జేబులామె సీసా పట్టుకెళ్లింది. బాత్రూమ్ పక్కనే కుళాయి. వెళ్లినామె వెళ్లిన పనీ, పంపిన పనీ రెండూ చూసుకుని తాపీగా వచ్చింది. తర్వాత కఫ్ఫులామె. తర్వాత కొత్తామె, మొదట భయపడి, తర్వాత దాదాపు పరుగెత్తుతూ. మధ్యాహ్నానికి లైన్లో గుసగుస పుట్టింది.

"చేపకి వస్తోందట."

"ఎవరి చేపకి?"

"నా చేపకి. అర్జెంటు."

"నీ చేపకి పొద్దునే వచ్చిందిగా?"

"చల్లగాలికి మళ్లీ వచ్చింది. పాపం, మూగజీవి."

నవ్వు ఆపుకోలేక ఒకామె గుండీ బదులు వేలు కుట్టుకోబోయింది. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ నోరు తెరిచి కారణం చెప్పలేదు. మైకే తల తిప్పి "చేప టైమైంది, ఎవరమ్మా?" అని అడుగుతున్నాడు. చేప కూడా మెల్లగా కోలుకుంది. రెక్క ఒకటి విప్పింది. ఒక గింజ మేత మింగింది.

చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. ఇది ఊపిరి పీల్చుకోవడమే, పగ కాదు. రేపు చేప బాగుపడితే గోడ మళ్లీ లేస్తుంది.

యజమాని వచ్చిన రోజు మైకు పొద్దుటి నుంచి కంగారులో కప్పు మీద కప్పు టీ తాగాడు. ఫ్లాస్కు ఖాళీ చేసి మళ్లీ నింపించాడు. యజమాని లోపలికి వచ్చేసరికి కఫ్ఫులామె సీసాతో బాత్రూమ్ వైపు నుంచి ఎదురొచ్చింది.

"ఏంటది?"

"తమరి చేపే సార్," అని మైకు అడ్డుపడ్డాడు. "ఒంట్లో నలతగా ఉంటే, గంటకోసారి నీళ్లు మార్పిస్తున్నా."

యజమాని సీసా అందుకుని చూశాడు. "కాఫీ సీసాలో పెట్టావా దీన్ని? నేను నీకు చేపనిచ్చానా, పచ్చడి పెట్టుకోమని ఇచ్చానా?" కేబిన్ నుంచి గాజు తొట్టి ఒకటి తెప్పించాడు. గుమ్మడికాయంత తొట్టి. నీళ్లు పోయించి, చేపని తనే అందులోకి వదిలాడు. చేప ఒక చుట్టు తిరిగింది. మళ్లీ తిరిగింది. అంచు కనపడక ఇంకా తిరిగింది.

"కొత్త చోటు. దూకుతుంది ఇది. బయటపడితే చచ్చిందే. జల్లెడలాంటి జాలీ మూత పంపిస్తాలే. అందాకా పైన చెయ్యి అడ్డం పెట్టుకుని ఇక్కడే నిలబడు. గెస్టుల్ని తీసుకొస్తా. చేప బయటికి పోయిందంటే నువ్వూ బయటికే," అని నవ్వి వెళ్లిపోయాడు.

యజమాని సగం వేళాకోళంగా అన్నాడు. ఒక అట్టముక్క అడ్డం పెట్టినా సరిపోయేది. కానీ పైవాడి మాటలో వేళాకోళం ఉంటుందని మైకులాంటివాళ్లు నమ్మరు. కిందివాళ్ల మాటలో బాధ ఉంటుందని ఎలా నమ్మరో, అలాగే. తొట్టి మూతి మీద అరచెయ్యి పరిచి కొయ్యబొమ్మలాగా నిలబడ్డాడు.

మూత రాలేదు. గెస్టులు రాలేదు. కేబిన్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. మైకు ముందు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. తర్వాత రెండు మోకాళ్లూ దగ్గరికి చేర్చాడు. తర్వాత ఈలలాంటిది వేశాడు, అది మధ్యలో తెగింది. జేబులామె పక్కామెను మోచేత్తో పొడిచింది. చూపు ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పాకి లైను చివరిదాకా వెళ్లింది.

"జేబులూ, ఒకసారి ఇటు రా," అన్నాడు మైకు.

"లేస్తే టార్గెట్ పోతుంది సార్."

"ఫర్వాలేదు రా."

"అమ్మో. ఇవాళ ఫర్వాలేదంటారు, రేపు మైకులో అంటారు."

"కఫ్ఫులూ!"

"ఇప్పుడే కదా సార్ తిరిగొచ్చింది నేను. ఎన్నిసార్లు లేస్తాను?"

మైకు నుదుటి మీద చెమట పట్టింది. చిన్నకోడలి వైపు తిరిగాడు. ఎన్నడూ లేనిది, "అమ్మా," అన్నాడు. "కాలర్లమ్మా. కాస్త ఈ తొట్టి చూస్తుంటావా?"

చిన్నకోడలు పెడల్ మీద నుంచి కాలు తీసింది. ఆమె మిషన్ ఆగింది. తల ఎత్తి ఆయన్ని నింపాదిగా చూసింది.

"చెయ్యెత్తండి సార్."

"ఏంటి?"

"చెయ్యెత్తాలిగా ముందు."

పక్క మిషన్ ఆగింది. దాని పక్కది ఆగింది. లైనంతా ఆగేసరికి హాలులో ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. మైకు ఒక చెయ్యి తొట్టి మీద ఉంచి, రెండోది ఎత్తాడు. భుజం దాకా ఎత్తి ఆగాడు. ఆమె చూస్తూనే ఉంది. పూర్తిగా ఎత్తాడు.

చిన్నకోడలు గడ్డం ఎగరేసింది. "ఏంటి?"

"బయటికి వెళ్లాలి."

"ఎందుకు?"

"తెలుసుగా అమ్మా..."

"నసుగుతున్నారంటే అంత అర్జెంటు కాదన్నమాట."

మైకు మొహం నల్లబడింది. మోకాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. "బాత్రూమ్!" అన్నాడు. టేబుల్ మీద మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట రెండు స్పీకర్లలోంచి వచ్చి, గోడలకు కొట్టుకుని, మళ్లీ వచ్చింది. ప్రెస్సింగు దగ్గరివాళ్లు తొంగి చూశారు.

తియ్యగా ఉంది. పండు కొరికినట్టుంది. చిన్నకోడలు ఆ తీపి పూర్తిగా మింగేదాకా కదలలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాళ్లు వణుకుతున్నాయి. ఇంకొక్క నిమిషం. ఒక్క నిమిషం కూర్చుంటే చాలు, అంతా అయిపోతుంది. కటింగ్ ముక్కల బుట్ట ఆ పక్కనే ఉంది.

లేచి వెళ్లి తొట్టి మీద చెయ్యి పెట్టింది. "వెళ్లండి."

మైకు పరుగెత్తాడు. అరచేతి కింద చేప పైకొచ్చి గాలి మింగింది. చల్లగా, గోరంత, తగిలీ తగలనట్టు తగిలింది.

తిరిగొచ్చాక మైకు ఎవరివైపూ చూడలేదు. గెస్టులు వచ్చారు, చేపను మెచ్చుకున్నారు, వెళ్లారు. సాయంత్రం దాకా స్పీకర్లలో మాట రాలేదు. గంట మోగే ముందు కొత్తామె ఎవర్నీ అడక్కుండా లేచి వెళ్లి వచ్చింది. మైకు కాగితాల్లోకి తల దూర్చుకున్నాడు.

*

చిన్నకోడలు బస్సు దిగి ఇంటిదాకా దాదాపు పరుగెత్తింది. సంచీ కూడా దించకుండా మంచం ముందు నిలబడి మైకులాగా నటించి చూపించింది. అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడటం, మోకాళ్లు నొక్కుకోవడం, తెగిపోయిన ఈల.

పెద్దకోడలు లేచి కూర్చుంది. మోకాళ్ల మీద గడ్డం ఆనించి వింది.

"చెయ్యెత్తాడా?"

"పూర్తిగా! భుజం దాకా ఎత్తితే ఒప్పుకోలేదు నేను."

"నోరు తెరిచి చెప్పాడా?"

"స్పీకర్లో చెప్పాడక్కా. ప్రెస్సింగువాళ్లు కూడా విన్నారు."

"మిషన్లు?"

"అన్నీ ఆగాయి." సంచీ ఇంకో చేతికి మార్చుకుంది. "ముందు నాదే ఆగింది."

పెద్దకోడలు తలాడించింది. "తర్వాత?"

"తర్వాతేముంది. ఏడుపొక్కటే తక్కువ. నేను వెళ్లి తొట్టి పట్టుకున్నా. పంపించా."

పెద్దకోడలు తల ఎత్తింది. చేపను ఏమన్నా అంటే ఒప్పుకోని మనిషి. ఇన్నేళ్లలో ఒకర్ని పల్లెత్తు మాట అనని మనిషి.

"ఎందుకు పంపావే?"

"అదేంటక్కా... పాపం, పోయేలా ఉన్నాడు. ఆ మొహం చూస్తే..."

"నా మొహం కూడా అలాగే ఉంది."

చిన్నకోడలి చేతిలో సంచీ కిందికి జారింది. వీధిలో ఎవరిదో బండి స్టార్ట్ కాక మొరాయిస్తోంది.

"వాడు అడిగాడు, నువ్వు పంపావు. వెళ్లొచ్చాడు. పొడి బట్టలతో ఇంటికి పోయాడు," అంది పెద్దకోడలు. గొంతులో ఇప్పుడు బొంగురు లేదు, పదునుంది. "నేనూ అడిగాను. అందరూ వినేలా అడిగాను. లెక్క తేలిందంటావా? నాకు తేలలేదు."

మంచం దిగింది. కాళ్లు తూలితే గోడ పట్టుకుంది, ఇన్నాళ్లూ మొహం పెట్టుకున్న ఆ గోడనే. విడిపోయిన జుట్టును రెండు చేతులతో బిగించి ముడేసింది.

"రేపు నేనొస్తున్నా."

"నీ మిషన్ మీద కొత్తామె ఉందక్కా."

"ఉండనీ. ఆ పిల్లతో నాకేం పని? వాడి టేబుల్ ముందు నిలబడతా. చెయ్యెత్తను. అడగను. నా ముందు మైకు తీసుకుని ఆ రోజన్న మాటే మళ్లీ అనమంటా, లైనంతా వింటుండగా. అనగలడేమో చూస్తా."

"అంటే?"

"అంటే నేనూ అంటా. నాకు మైకు అక్కర్లేదు." చెయ్యి చాపింది. "నీళ్లివ్వు."

చిన్నకోడలు చెంబు నింపి తెచ్చింది. పెద్దకోడలు నిలబడే చెంబెత్తి నోట్లో పోసుకుంది. పొక్కులు కట్టిన పెదవుల పక్కగా నీళ్లు గడ్డం మీదికి, మెడ మీదికి, జాకెట్టు మీదికి కారాయి. తుడుచుకోలేదు. ఖాళీ చెంబు తిరిగిచ్చింది.

"ఇంకోటి," అంది.